ఈ స్టడీ నిలబడుతుందా? ముందే చెప్పగలమా?

పోయిన సంచికలో రెండు మాటలు రాశాను. పేరున్న జర్నల్స్‌లో అచ్చయిన సైకాలజీ, ఎకనామిక్స్ ప్రయోగాల్ని వేరేవాళ్లు మొదటినుంచి మళ్లీ చేసి చూస్తే చాలావాటిలో అదే ఫలితం రావడం లేదని ఒకటి. ఏది నిలబడుతుందో ఏది పడిపోతుందో చాలాసార్లు ముందే పసిగట్టొచ్చని ఇంకొకటి. ఉత్తరాలన్నీ ఈ రెండో మాట మీదే వచ్చాయి. కొన్ని కోపంగా ఉన్నాయి, కొన్ని దిగులుగా ఉన్నాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవాటిని తీసుకుంటున్నాను.

ప్రశ్న: నేను ఎమ్మే సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నాను మేడమ్. నా ప్రాజెక్ట్ మొత్తం 'పవర్ పోజ్' స్టడీ మీద కట్టుకున్నాను. ఛాతీ విరుచుకుని, చేతులు చాపి కాసేపు ఉంటే ఒంట్లో హార్మోన్లు మారతాయని, ధైర్యం పెరుగుతుందని చెప్పిన స్టడీ అది. ఇప్పుడు మా గైడ్ అది నిలబడలేదు, టాపిక్ మార్చుకో అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. నాకు ముందే తెలిసే దారి ఏదైనా ఉండేదా?

జవాబు: ఉండేదమ్మా. అయినా ఇందులో నీ తప్పు లేదు, ఎందుకంటే క్లాసులో మేం స్టడీ పేరు, సంవత్సరం, ఫలితం ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోతాం, పేపర్‌ని ఎక్కడ పట్టుకుని చదవాలో చెప్పం. ఒకసారి ఆ పేపర్ తీసి, ఎంతమంది మీద చేశారో రాసిన చోట ఆగు. 2010లో వచ్చిన ఆ స్టడీలో పాల్గొన్నది 42 మంది. రెండు గుంపులు చేస్తే ఒక్కో వైపు సుమారు ఇరవై మంది, అంతే. హార్మోన్ల స్థాయి ఒకే మనిషిలో పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది, ఇక మనిషికీ మనిషికీ అయితే చెప్పనే అక్కర్లేదు. అలాంటిదాన్ని ఇరవై ఇరవై మందిలో కొలిచి, కాసేపు ఫలానా భంగిమలో ఉన్నందుకే మారిందని తేల్చాలంటే ఆ ప్రభావం చాలా పెద్దదై ఉండాలి. అంత పెద్దదైతే ప్రయోగశాల దాకా వెళ్లకుండానే ఎవరో ఒకరి కంట పడి ఉండేది. ఈ ఆలోచనకి స్టాటిస్టిక్స్ ఏమీ అక్కర్లేదు. 2015లో ఇంకో బృందం 200 మందితో చేస్తే హార్మోన్లలో తేడా లేదు, రిస్క్ తీసుకోవడంలోనూ లేదు, 'బలంగా అనిపించింది' అని నోటితో చెప్పడంలో మాత్రం తేడా కనిపించింది. 2016లో, మొదటి పేపర్ రాసిన ముగ్గురిలో ముందు పేరున్న డానా కార్నీ, ఈ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాశారు.

రెండోది పీ-వాల్యూ. అసలు ఏ ప్రభావమూ లేకపోయినా కేవలం కాకతాళీయంగా ఇంత తేడానో ఇంకా ఎక్కువో కనిపించే అవకాశం ఎంత అన్నదే పీ-వాల్యూ. 0.05 కంటే తక్కువ వస్తే పాస్ అని ఎప్పటినుంచో ఒక గీత గీసుకున్నారు. పాసైనవన్నీ ఒకటే అనుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం. 2015లో బ్రయన్ నోసెక్ నడిపించిన ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ అనే పరిశోధకుల బృందం 2008 నాటి మూడు జర్నల్స్ నుంచి 100 సైకాలజీ స్టడీలు తీసుకుని మళ్లీ చేయించింది. మొదటిసారి 97 శాతం పాసయ్యాయి, రెండోసారి 36 శాతమే. ఆ 36 అన్న అంకె అందరికీ గుర్తుండిపోయింది గానీ నా దృష్టిలో దాని లోపల ఉన్న లెక్క ఇంకా విలువైనది. మొదటి పేపర్‌లో పీ-వాల్యూ 0.001 కంటే తక్కువ ఉన్నవి 32 ఉంటే వాటిలో 20 నిలబడ్డాయి. 0.04 దాటి గీతకి ఆనుకుని గట్టెక్కినవి 11 ఉంటే నిలబడింది రెండే రెండు. ఈ సంగతి పేపర్ అచ్చయిన రోజు నుంచీ దాని మీదే రాసి ఉంది, చూసినవాళ్లు లేరు.

మూడోది ఆశ్చర్యం. వినగానే 'అబ్బా, నిజమా!' అనిపించే ఫలితం మళ్లీ చేస్తే పడిపోయే అవకాశం ఎక్కువ, పైన చెప్పిన 100 స్టడీల్లో కూడా ఎక్కువ ఆశ్చర్యం కలిగించినవే ఎక్కువగా పడిపోయాయి. ఒకటి దగ్గరగా చూపిస్తాను. 2012లో 'సైన్స్' జర్నల్‌లో వచ్చింది. కొంతమందికి రోడాన్ చెక్కిన 'ఆలోచనాపరుడు' శిల్పం ఫొటో చూపించారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఆలోచిస్తుంటాడే, ఆ శిల్పం. ఇంకొంతమందికి చక్రం విసిరే ఆటగాడి గ్రీకు శిల్పం చూపించారు. తర్వాత దేవుడి మీద నమ్మకం ఎంత అని సున్నా నుంచి వంద వరకు ఒక అంకె చెప్పమన్నారు. ఆలోచించే శిల్పం చూసినవాళ్లలో నమ్మకం సుమారు 20 పాయింట్లు తక్కువగా వచ్చింది. మొత్తం 57 మంది. చిన్నప్పటినుంచి ఇంట్లో, బయటా, పుట్టుకల్లో, చావుల్లో గట్టిపడిన నమ్మకం ఒక్క ఫొటో చూస్తే వందకి 20 పాయింట్లు జారిపోతుందా? ఈ ప్రశ్న చదువుకున్నవాళ్లకీ చదువుకోనివాళ్లకీ ఒకేలా తోస్తుంది. తర్వాత ఐదు వందల మందికి పైగా చేసి చూస్తే ఏ తేడా రాలేదు.

నీ ప్రాజెక్ట్ విషయానికొస్తే, పారేయకు. చదివిందంతా అలాగే ఉంచుకుని, 'ఈ స్టడీ ఎందుకు నిలబడలేదు, ముందే తెలిసే గుర్తులు అందులో ఏమున్నాయి' అని ప్రశ్న మార్చుకుని మీ గైడ్‌ని అడిగి చూడు. సగం పని ఇప్పటికే అయిపోయి ఉంటుంది.

ప్రశ్న: సైంటిస్టులు స్టడీల మీద పందాలు కాశారని రాశారు. పరిశోధనలో జూదం ఏమిటండీ? అయినా పందెం కాస్తే నిజం ఎలా తెలుస్తుంది?

జవాబు: మీకు జూదంలా అనిపించడం సహజమే, అందుకే అది ఎలా నడుస్తుందో చెప్తాను. ఒక్కో స్టడీకి ఒక్కో షేర్ ఉంటుంది. స్టడీని మళ్లీ చేసినప్పుడు నిలబడితే షేర్‌కి పూర్తి విలువ వస్తుంది, పడిపోతే సున్నా. పాల్గొనే పరిశోధకులకి నిర్వాహకులే కొంత మొత్తం ఇచ్చి ఆడమంటారు, ఎవరి జేబులోంచీ పోదు. నిలబడుతుందని నమ్మినవాళ్లు కొంటారు, నమ్మనివాళ్లు అమ్ముతారు, అలా బేరం నడిచి నడిచి ధర ఒకచోట ఆగుతుంది. నూటికి 30 దగ్గర ఆగిందంటే నిలబడే అవకాశం 30 శాతం అని ఆ గుంపు అనుకుంటున్నట్టు. ముఖం మీద చెప్పడానికి మొహమాటపడే మాట ఇక్కడ ధరలో బయటపడిపోతుంది. పెద్ద ప్రొఫెసర్ పేపర్ గురించి సెమినార్‌లో లేచి 'నాకు నమ్మకం లేదు సార్' అనడానికి కుర్ర పరిశోధకుడికి ఎంత గుండె కావాలో ఆ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. మార్కెట్‌లో అయితే షేర్ అమ్మేస్తే చాలు.

ఫలితాలు చూడండి. 2018లో వచ్చిన ఒక పెద్ద ప్రయత్నంలో 'నేచర్', 'సైన్స్' జర్నల్స్‌లో 2010 నుంచి 2015 దాకా వచ్చిన 21 సామాజిక శాస్త్ర ప్రయోగాల్ని సగటున ఐదు రెట్ల మందితో మళ్లీ చేశారు. 13 నిలబడ్డాయి, అంటే 62 శాతం. మార్కెట్ ముందే వేసిన సగటు అంచనా 63 శాతం! విడివిడిగా చూసినా 21లో 18 సరిగ్గా చెప్పింది. ప్రతిసారీ ఇంత బాగా కుదరదు లెండి. 2015లో 41 సైకాలజీ స్టడీల మీద పెట్టిన మార్కెట్ 71 శాతం సరిగ్గా చెప్పింది, 2016లో 18 ఎకనామిక్స్ ప్రయోగాల్లో సుమారు 75 శాతం నిలబడతాయని మార్కెట్ అనుకుంటే నిలబడినవి 11, అంటే 61 శాతం. ఇలాంటి నాలుగు ప్రాజెక్టుల్లోని 103 స్టడీలు కలిపి చూసినప్పుడు మార్కెట్ 73 శాతం సరిగ్గా చెప్పిందని తేలింది. తప్పు జరిగినప్పుడు ఎక్కువగా ఆశ వైపే జరిగింది, అంటే నిపుణులు కూడా ఉన్నదానికంటే కాస్త ఎక్కువే నమ్ముతారు.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఇంతమందికి లోలోపల ఇంత తెలిసి కూడా ఆ పేపర్లు అచ్చయ్యాయి, అచ్చయ్యాక వాటిని నమ్మి వందల పేపర్లు రాశారు. 2021లో ఇద్దరు పరిశోధకులు లెక్క తీస్తే, నిలబడని పేపర్లని నిలబడినవాటికంటే సగటున 153 సార్లు ఎక్కువగా ఇతరులు ఉదహరించారని తేలింది. మళ్లీ చేస్తే రాలేదని ప్రకటించిన తర్వాత కూడా, ఉదహరించినవాళ్లలో ఆ సంగతి ప్రస్తావించింది 12 శాతమే. ఆ మిగతా పేపర్ల మీద ఎంతమంది పిల్లల పీహెచ్‌డీలు నిలబడి ఉన్నాయో ఆలోచించండి. పైన ఉత్తరం రాసిన అమ్మాయి లాంటివాళ్లే వాళ్లంతా. అచ్చు వేసే ముందు ఆ రంగంలోని ఓ ముప్పై మందిని 'మళ్లీ చేస్తే వస్తుందా, నూటికి ఎంత?' అని అడిగితే అయ్యే శ్రమ ఎంత? ఎడిటర్లు ఈ పని ఎందుకు చేయరో నాకు నిజంగా అర్థం కాదు.

ప్రశ్న: నాకు స్టాటిస్టిక్స్ రాదు, డిగ్రీ కామర్స్. వార్తల్లో 'తాజా అధ్యయనంలో తేలింది' అని రోజూ చదువుతుంటాను. నాలాంటివాళ్లు కూడా అంచనా వేయగలరా?

జవాబు: వేయగలరు, ఊరికే ధైర్యం చెప్పడం లేదు. 2020లో సైకాలజీలో పీహెచ్‌డీ లేని 233 మంది మామూలు మనుషులకి 27 స్టడీల సారాంశం చిన్న చిన్న వాక్యాల్లో ఇచ్చి, నిలబడుతుందా లేదా అని అడిగారు. 59 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినదానికంటే కాస్త మెరుగు, అంతే. కానీ మొదటి స్టడీలో ఆధారం ఎంత గట్టిగా ఉందో కూడా సులువైన మాటల్లో చెప్పినప్పుడు అదే 67 శాతానికి పెరిగింది. అంటే మీ ఇంగితజ్ఞానం కొంత పని చేస్తుంది, దానికి సమాచారం తోడైతే ఇంకా బాగా పని చేస్తుంది. కాబట్టి వార్త చదివినప్పుడు ఎంతమంది మీద చేశారో వెతకండి. ఆ అంకె వార్తలో లేకపోతే మీ నమ్మకాన్ని అక్కడే సగం చేసేయండి. ఇంకో చిన్న చిట్కా ఉంది. 'మామూలుగా తేడా లేదు గానీ, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లలో, అదీ సాయంత్రం పూట, తేడా కనిపించింది' లాంటి మెలికలు తిరిగిన ఫలితాలు నేరుగా వచ్చిన ఫలితాలకంటే తక్కువగా నిలబడతాయి. (ఈ ఉదాహరణ నేను కల్పించింది, మెలిక ఎలా ఉంటుందో చూపించడానికి.)

ప్రశ్న: నా పేరు వేయకండి. పదేళ్ల క్రితం నేను రాసిన పేపర్‌ని వేరే బృందం మళ్లీ చేస్తే రాలేదు. నేను ఒక్క అంకె కూడా మార్చలేదు. కానీ కొలీగ్స్ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. నేనేం తప్పు చేశాను?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట: మళ్లీ చేస్తే రాకపోవడం వేరు, మోసం వేరు. డేటా సృష్టించి పట్టుబడ్డవాళ్లు ఉన్నారు, 2011లో నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ ఉదంతం అలాంటిదే. పడిపోయిన పేపర్లన్నిటినీ ఆ గాటన కట్టడం అన్యాయం.

అయితే నిజాయితీగా పనిచేసినవాళ్ల చేతుల్లోంచి కూడా తప్పుడు ఫలితం ఎలా వస్తుందో చూడండి. ఒక కొలత తీసుకున్నారు, తేడా రాలేదు, ఇంకో కొలత కూడా ఉంది కదా అని దాన్ని చూశారు. అదీ అంతంతమాత్రంగా ఉంటే ఇంకో పది మందిని పిలిచి మళ్లీ లెక్కేశారు. వయసుని లెక్కలోకి తీసుకుంటే బాగుంటుందేమో అనిపించింది, తీసుకున్నారు. మూడు గుంపుల్లో మధ్య గుంపు ఫలితం గందరగోళంగా ఉంది, వదిలేశారు. ఇందులో ప్రతి అడుగుకీ ఆ క్షణంలో ఒక సబబైన కారణం ఉంటుంది, మనసులో ఎక్కడా దొంగతనం చేస్తున్నట్టు ఉండదు. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు కంప్యూటర్‌లో దీన్ని లెక్కగట్టారు. అసలు ఏ ప్రభావమూ లేని చోట, ఇలాంటి నాలుగు వెసులుబాట్లు కలిపి వాడుకుంటే, ఏదో ఒక 'పాసైన' ఫలితం దొరికే అవకాశం 60.7 శాతం. కాగితం మీద మాత్రం 5 శాతం అనే ఉంటుంది! ఆ రోజుల్లో అందరం ఇలాగే నేర్చుకున్నాం, ఇలాగే నేర్పించాం.

ఇంకో సంగతి. మనోబలం కండరంలా వాడేకొద్దీ అలసిపోతుందనే సిద్ధాంతాన్ని నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పాను. 2016లో 23 ల్యాబ్‌లు కలిసి 2,141 మందితో చేస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఆ వార్త చదివిన రోజు నా నోట్స్ ముందేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. కాబట్టి మీకెలా ఉందో కొంత ఊహించగలను. రోడాన్ శిల్పం పేపర్ రాసినవాళ్లలో ఒకరు తర్వాత తమ స్టడీలో లోపం ఉందని బాహాటంగా ఒప్పుకున్నారు, దాంతో ఆయన గౌరవం పెరిగింది గానీ తగ్గలేదు. మీ దగ్గర పాత డేటా, పాత నోట్స్ ఉంటే బయటపెట్టండి. ఎక్కడెక్కడ దారి మళ్లిందో మీరే ఒక చిన్న వ్యాసంగా రాయండి. రెండోసారి చేసినవాళ్ల పద్ధతిలో లోపం ఉందనిపిస్తే అదీ రాయండి, వాళ్లూ పొరపాటు పడే మనుషులే.

ప్రశ్న: ఏఐకి పేపర్ ఇస్తే నిలబడుతుందో లేదో చెప్పేయదా?

జవాబు: కొంతవరకు చెప్తుంది. ఎంతమంది మీద చేశారు, కనిపించిన తేడా ఎంత పెద్దది లాంటి వివరాలు ఇచ్చి తయారుచేసిన ఒక మోడల్ 2019లో సుమారు 70 శాతం సరిగ్గా చెప్పింది, అంటే ఇంచుమించు మార్కెట్ చెప్పినంత. కానీ నాకు ఒక భయం ఉంది. యంత్రం దేన్ని చూసి మార్కులేస్తుందో తెలిస్తే, పేపర్ రాసేవాళ్లు దానికి నచ్చేలా రాయడం నేర్చుకుంటారు. మనిషిని తోడు పెట్టుకోకుండా దాని మాట మీదే ఒకరి పేపర్ తోసేయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ లెక్చరర్‌ని. మీరు రాసింది చదివాక మా పిల్లలు 'అయితే సార్, ఇదంతా ఉత్తిదేనా?' అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి?

జవాబు: నిలబడినవి చూపించండి సార్. 2014లో 36 చోట్ల 6,344 మందితో 13 ప్రయోగాలు మళ్లీ చేస్తే 10 నిలబడ్డాయి, అందులో కొన్ని మొదటిసారి కంటే బలంగా వచ్చాయి. వాటిలో ఒకటి క్లాసులో పది నిమిషాల్లో చేయించొచ్చు. సగం మందికి 'ఎవరెస్ట్ ఎత్తు 2,000 అడుగుల కంటే ఎక్కువే, అసలు ఎత్తు ఎంత అనుకుంటున్నారు?' అని చీటీ ఇవ్వండి, మిగతా సగానికి '45,500 అడుగుల కంటే తక్కువే, ఎంత అనుకుంటున్నారు?' అని ఇవ్వండి. మన పిల్లలకి ఎవరెస్ట్ ఎత్తు బట్టీ వచ్చేసి ఉంటుంది కాబట్టి, వాళ్లకి తెలియని ఏ నది పొడవో పెట్టుకోండి. రెండు గుంపుల సగటూ బోర్డు మీద రాస్తే, ముందు విన్న అంకె వాళ్ల జవాబుని ఎటు లాక్కెళ్లిందో వాళ్లకే కనిపిస్తుంది.

2018లో 36 దేశాలు, ప్రాంతాల్లో 15 వేలమందికి పైగా పాల్గొన్న మరో ప్రయత్నంలో 28 ప్రయోగాల్లో సగం నిలబడ్డాయి. 'ఆ దేశం మనుషులు వేరు, అందుకే రాలేదు' అని చాలామంది సర్దిచెప్పుకుంటారు కదా, అక్కడ తేలిందేమిటంటే నిలబడనివి దాదాపు ఎక్కడా నిలబడలేదు, బలంగా నిలబడినవి చాలాచోట్ల నిలబడ్డాయి. మీ పిల్లలు ఈ సాకు చెప్తే ఇది గుర్తుచేయండి.

తర్వాతి క్లాసులో అంచనాల ఆట పెట్టండి. నేను చెప్పిన 21 స్టడీల జాబితా తీసుకుని, ఒక్కోదాన్ని రెండు వాక్యాల్లో రాసి, ఎంతమంది మీద చేశారో, పీ-వాల్యూ ఎంతో పక్కన వేసి, మళ్లీ చేసినప్పుడు ఏమైందో మాత్రం రాయకుండా పంచండి. ప్రతి ఒక్కరూ పక్కవాళ్లతో మాట్లాడకుండా నూటికి ఎంత అని పెన్నుతో రాయాలి, పెన్సిల్ వద్దు, తర్వాత చెరిపేస్తారు. సగటు తీసి బోర్డు మీద వేశాక అసలు ఫలితాలు చదవండి. 21లో ఎన్ని సరిగ్గా చెప్పారో, ఏ స్టడీ దగ్గర అందరూ కలిసి మోసపోయారో రాసి నాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాను.